మనిషి పనిలో ఉన్నాడు

పోయిన నెల బెల్లంపల్లి అమ్మాయి ఒకామె ఫోన్ చేసింది. పేరు స్రవంతి. ఆమెకూ నాలాగే చూపు లేదు. నేను రిటైరై ఖాళీ చేసిన కుర్చీలోనే, మా బొగ్గు కంపెనీ ఏరియా ఆఫీసు కంప్యూటర్ సెక్షన్‌లో, కొత్తగా చేరింది.

"సార్, లినక్స్ ఎక్కించుడు నాకొస్తది. ఇంట్ల ఒక్కదాన్నే ఎక్కించిన. ఆఫీసుల మాత్రం అయితలేదు" అన్నది.

"ఏం బిడ్డా, మిషన్లు పాతవా?"

"మిషన్లు మంచియే సార్. మనుషులు మరీ మంచోళ్లు. అందరు సాయం చేస్తున్నరు."

నాకు నవ్వు ఆగలేదు.

"నవ్వుతరేంది సార్? మీరు గీళ్ల నడుమ ఎట్ల ఏగిన్రో జర రాసియ్యున్రి. నా ఎనక వచ్చేటోళ్లకు గూడ అక్కరకొస్తది. ఇంకోటి, మీ రేకు బోర్డు మీ దగ్గరనే ఉన్నదట గద. అది గూడ పంపున్రి, ఇక్కడ తగిలిస్త."

రాస్తానన్నాను. బోర్డు సంగతి మాత్రం అప్పుడు ఏమీ చెప్పలేదు. ఇది చదివితే ఆ జవాబు కూడా దొరుకుతుంది. ప్రమోషన్లు, బదిలీలు ఇందులో రాయడం లేదు. అవి నాకు పెద్దగా లేవు, ఉన్నవి చదివితే నిద్ర వస్తుంది.

*చీకటి మా వంశాచారం*

మా నాన్న బొగ్గుబాయిలో పనిచేశాడు. నెత్తిన దీపం పెట్టుకుని చీకట్లోకి దిగి, షిఫ్టు అయ్యాక మసి పూసుకుని పైకి వచ్చేవాడు. నాకు చిన్నప్పుడు రేచీకటి ఉండేది. బడి చదువు ముగిసేసరికి ఆ చీకటి పగటికి కూడా పాకింది. నాన్న ఆరోగ్యం చెడి పని మానుకున్నప్పుడు ఆయన ఉద్యోగం నాకు వచ్చింది. బాయిలోకి పంపలేరు కనుక టెలిఫోన్ ఎక్స్‌చేంజీలో కూర్చోబెట్టారు. నాన్న దీపంతో చీకట్లో పనిచేస్తే నేను దీపం లేకుండానే చేశాను. ఆ లెక్కన కంపెనీకి ఒక బ్యాటరీ మిగిల్చినవాణ్ని.

ఎక్స్‌చేంజీ పని నాకు బాగా నచ్చింది. ఫోనెత్తి "హలో" అనగానే ఏ బాయి నుంచి ఎవరు మాట్లాడుతున్నారో, అన్నం తిని మాట్లాడుతున్నారో తినక మాట్లాడుతున్నారో తెలిసిపోయేది. తర్వాత అందరి జేబుల్లోకీ సెల్‌ఫోన్లు వచ్చాయి. ఎక్స్‌చేంజీ మూగపోయింది, నేను మిగిలాను.

పనిలేని మనిషికి ఆఫీసులో ఇచ్చే గౌరవం పేరు టీ. రోజంతా ఎవరో ఒకరు తెచ్చి చేతిలో పెట్టేవారు. అప్పటి పెద్దసారు ఒకాయన ఇంకో అడుగు ముందుకు వేసి, "ఓదెలూ, నువ్వెందుకు కష్టపడి రావడం? ఇంట్లోనే ఉండు, నేను చూసుకుంటాను" అన్నాడు. చాలా మంచివాడు. ఉద్యోగంలో నేను భయపడిన బాసు ఆయనొక్కడే. తిట్టే బాసు నీ పనిని తిడతాడు. జాలిపడే బాసు నీ పనిని మాయం చేస్తాడు. కొత్తగా చేరేవాళ్లు ఈ తేడా తొందరగా పట్టుకోవాలి.

నేను సెలవు పెట్టి హైదరాబాదు వెళ్లి కంప్యూటర్ నేర్చుకుని వచ్చాను. తెర మీది అక్షరాలను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ఉంటుంది, దానితో. తిరిగి వచ్చాక కంప్యూటర్ సెక్షన్‌లో వేశారు. అక్కడ నా పని ఏమిటంటే ఫోనెత్తడం. "ప్రింటర్ కదుల్తలేదు" అని ఎవరన్నా అంటే "వైరు చూడున్రి" అనడం. కంప్యూటర్ సెక్షన్‌లో కంప్యూటర్ ముట్టని ఉద్యోగి నేనొక్కణ్నే.

*కిటికీలు నాకెందుకు*

ఆ సెక్షన్‌కు నరహరి సార్ మేనేజర్‌గా వచ్చాడు. మంథని మనిషి. ఇంటిల్లిపాదీ పంతుళ్లు కావడం వల్లనో ఏమో, ఏది చెప్పినా పరీక్ష పెట్టందే నమ్మడు. ఆయన వచ్చిన కొత్తలోనే, ఏరియాలోని పాత కంప్యూటర్లలో విండోస్ తీసేసి లినక్స్ ఎక్కించాలని పైనుంచి మాట వచ్చింది. రెండూ కంప్యూటర్‌ను నడిపించే మూల సాఫ్ట్‌వేర్లే. రెండోది ఉచితం, ముసలి మిషన్ల మీద కూడా తేలిగ్గా నడుస్తుంది. నాకు చాలా సంతోషమైంది. కిటికీలు ఉంటే ఎంత, పోతే ఎంత, తొంగిచూసేవాణ్ని కాదు కదా.

సార్ సెక్షన్‌లో వాళ్లందరికీ పని పంచాడు. నా దగ్గరికి వచ్చేసరికి ఆగాడు.

"ఓదెలూ, నువ్వు ఫోన్ దగ్గర ఉండు."

"నేను గూడ ఎక్కిస్త సార్."

"కంప్యూటర్ నడుపుడు వేరు, ఏమీ లేని మిషన్ మీద కొత్తగా ఎక్కించుడు వేరు. నువ్వు వాడే ఆ చదివే సాఫ్ట్‌వేర్ గూడా అందులో ఉండదు గదా. ఉట్టి డబ్బా. దానితోని ఎట్ల మాట్లాడ్తవ్?"

మంచి ప్రశ్న. నా దగ్గర జవాబు ఉన్నది, సగం. కొన్ని రకాల లినక్స్‌ను తయారు చేసినవాళ్లలో చూపు లేని మనలాంటివాళ్లు ఉన్నారు. సీడీ పెట్టి మిషన్ ఆన్ చేస్తే మొదట ఒక 'కూ' అంటుంది. ఆ కూత విని ఎస్ అనే అక్షరం కొట్టి, ఎంటర్ కొడితే, కాసేపటికి ఎక్కించే కార్యక్రమమే గొంతు విప్పి ఒక్కో ప్రశ్నా అడుగుతుంది. ఇదంతా చెప్పాను.

సార్ షరతు పెట్టాడు. "సరే. వచ్చే నెల మొదటి శనివారం, నా ముందర, ఒక్క మిషన్. ఇంకెవ్వరి చెయ్యి పడొద్దు. అయితే నువ్వు గూడా పనిలో ఉంటవ్. కాకపోతే రిసెప్షన్ల ఫోన్ దగ్గరికి పోతవ్, మళ్ల ఈ మాట ఎత్తద్దు."

నా ఉద్యోగ జీవితంలో నాకు దక్కిన మొట్టమొదటి కఠినమైన మాట అది. లోపల ఏదో లేచి కూర్చుంది.

*మాట ఎక్కడికి పోయింది*

మూలకు పడేసిన పాత మిషన్ ఒకటి ఇచ్చారు, నేర్చుకోవడానికి. నేను సీడీతోనే మొదలుపెట్టాను. పెన్‌డ్రైవ్ మూగది, లోపల పని జరుగుతున్నదో లేదో చెప్పదు. సీడీ అట్లా కాదు. అది తిరిగే చప్పుడు చెవికి తెలుస్తుంది. చదువుతున్నప్పుడు ఒక రాగం, వెతుకుతున్నప్పుడు ఒక దగ్గు, దొరక్కపోతే ఒక నిట్టూర్పు. బాయిలో పనివాళ్లు పైకప్పును కర్రతో తట్టి, గట్టి చప్పుడు వస్తే కింద నిలబడతారు, డొల్ల చప్పుడు వస్తే పక్కకు జరుగుతారు. నాది కూడా అదే చదువు. వాళ్లది నెత్తి మీద కూలే కప్పు, నాది చేతిలో ఉండే కప్పు. టీ కప్పు.

కూత వచ్చింది. ఎస్ కొట్టాను, ఎంటర్ కొట్టాను. సీడీ తిరిగింది, రాగం తీసింది, ఆగింది. హెడ్‌ఫోన్లో మాత్రం మాట లేదు.

మళ్లీ చేశాను. మళ్లీ అంతే. హెడ్‌ఫోన్లు మార్చాను. కీబోర్డు మార్చాను. సీడీని చొక్కాకు తుడిచాను. రోజుల తరబడి ఇదే పని. సెక్షన్‌లో వాళ్లు "ఓదెలన్నా, ఏమన్నదే నీ మిషన్?" అని అడిగితే, "మౌనవ్రతం పట్టింది" అని చెప్పేవాణ్ని. లోపల మాత్రం ఒకటే ఆరాటం. సీడీ అంత చక్కగా చదువుతున్నదంటే లోపల కార్యక్రమం నడుస్తున్నట్టే. నడుస్తున్నదంటే మాట్లాడుతున్నట్టే. మాట్లాడుతున్నదంటే, ఎవరితో?

ఆ ప్రశ్న పడుకున్నా లేచినా వదల్లేదు. చివరికి తెలిసిన సంగతి ఇది. ఈ మిషన్లకు మాట బయటికి వచ్చే దారులు ఒకటి కంటే ఎక్కువ ఉంటాయి. హెడ్‌ఫోన్ రంధ్రం ఒక దారి. మానిటర్‌కు పోయే వైరు ఇంకో దారి. ఆ వైరులో బొమ్మే కాదు, మాట కూడా పోతుంది. నా మిషన్ పాపం మొదటి నుంచీ మాట్లాడుతూనే ఉంది, మానిటర్‌తో. ఆ మానిటర్‌కేమో స్పీకరే లేదు. ఒక గుడ్డివాడు, ఒక చెవిటి మానిటర్, మధ్యలో అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్న డబ్బా. మా ముగ్గురి కాపురం అట్లా సాగింది.

మానిటర్ వైరు పీకేశాను. మళ్లీ మొదటి నుంచి చేశాను. కూత, ఎస్, ఎంటర్. సీడీ రాగం. తర్వాత, జలుబు చేసిన దొరలాంటి గొంతుతో ఇంగ్లీషులో మొదటి ప్రశ్న వినపడింది, ఏ భాష కావాలని. ఏ భాషైతేనేం, మాట్లాడావు కదా తండ్రీ అనుకున్నాను.

ఇంకో చిక్కు కూడా రాస్తాను, అందరూ అందులో పడతారు కనుక. డిస్కును తుడిచి కొత్తగా రాయబోయే ముందు ఆ గొంతు ఒకసారి అడుగుతుంది, రాయమంటావా అని. ఒకటి కొడితే అవును, రెండు కొడితే వద్దు. ఏమీ చెప్పకుండా ఎంటర్ కొడితే వద్దు అన్నట్టే. నేను ఎంటర్ మీద ఎంటర్ కొట్టే అలవాటులో అట్లాగే కొట్టి, మళ్లీ వెనక్కి పోయి, మళ్లీ అక్కడికే వచ్చి, ఒక పూటంతా గానుగెద్దులా తిరిగాను. మన ఇళ్లల్లో అన్నం పెడతామంటే చుట్టం మొదట "వద్దు" అంటాడు కదా, మిషన్‌కు కూడా ఆ మర్యాద నేర్పారు. కడుపు నిండాలంటే నువ్వే నోరు తెరిచి అవునని చెప్పాలి.

ఇప్పుడు మీకు ఫోన్లు వచ్చాయి. కెమెరా ఎదురుగా పెడితే తెర మీద ఉన్నది చదివి చెబుతుంది. మిషన్ ఇంకా గొంతు విప్పని ఆ మొదటి తెరలు కూడా చదువుతుంది. వాడుకోండి, తప్పు లేదు. కాని మాట రానప్పుడు "నాకు చేతకాదు" అని ముందే అనుకోకండి. మాట ఎటు పోయిందో వెతకండి. నా అనుభవంలో సగం సార్లు అది ఎవరో వినలేనివాళ్లకు చెబుతూ ఉంటుంది.

*లచ్చక్క చేసిన మేలు*

శనివారం వచ్చింది. సార్ నా పక్కన కుర్చీ వేసుకున్నాడు. నేను మానిటర్ వైరు పీకేసి, హెడ్‌ఫోన్ పెట్టుకుని మొదలుపెట్టాను. హెడ్‌ఫోన్ ఎందుకంటే, ఆ గొంతు బయటికి వినపడితే సెక్షన్‌లో పని సాగదు, దెయ్యం పట్టిందంటారు. కూత వచ్చింది, మాట వచ్చింది, ఒక్కో ప్రశ్నకూ జవాబిస్తూ పోయాను. డిస్కు తుడవమంటావా అంటే ఒకటి కొట్టాను. ఇక మిషన్ తన పని తాను చేసుకుపోతుంది. మనం ఊరికే కూర్చోవాలి. ఊరికే కూర్చోవడంలో నాకు మంచి అనుభవం ఉంది.

ఇంతలో జీఎం ఆఫీసు నుంచి పిలుపు వచ్చి సార్ లేచాడు. "ఇప్పుడే వస్త" అని వెళ్లాడు.

మా సెక్షన్ అటెండరు లచ్చక్క టీ తెచ్చింది. ఆమె భర్త బాయిలో పనిచేస్తూ చనిపోయాడు, ఆ ఉద్యోగం ఈమెకు వచ్చింది. చెయ్యి పెద్దది, మనసు ఇంకా పెద్దది. నేను కళ్లు మూసుకుని, చెవుల్లో హెడ్‌ఫోన్ పెట్టుకుని, నల్లటి తెర ముందు బుద్ధిమంతుడిలా కూర్చుని ఉన్నాను. ఆమె చూసింది. ఆమె కంటికి ఏం కనపడిందో తర్వాత ఆమే చెప్పింది. "అయ్యో, తమ్ముడు ఎంతసేపటి సంది కూసున్నడో. మిషన్ బందైంది, పాపం ఎరుకైతలేదు."

ఆమె వంగి గోడకున్న స్విచ్చి ఆపి, మళ్లీ వేసింది.

హెడ్‌ఫోన్లో దొరవారి గొంతు మాట మధ్యలో తెగిపోయింది. ఫ్యాను ఆగింది. సీడీ ఆగింది. మళ్లీ ఫ్యాను లేచింది. తర్వాత, ఎక్కడ వినపడకూడదో సరిగ్గా అక్కడ, కూత వినపడింది. మొదట్లో వచ్చే ఆ కూత.

"సురువైంది తమ్మీ!" అన్నది లచ్చక్క, సంబరంగా. "కరెంటు పోయి ఉండె. నేనే ఏసిన. ఛాయ్ తాగు, సల్లారుతది."

నేను టీ తాగాను. ఇంకేం చేయగలను? అంత ప్రేమగా నన్ను ఎవరూ ముంచలేదు.

సార్ వచ్చేసరికి మిషన్ మొదటి ప్రశ్న దగ్గర ఉంది. నేను ఏమీ చెప్పకముందే లచ్చక్కే అంతా చెప్పింది, తను చేసిన సాయం సహా. సార్ నెమ్మదిగా, "పోనీలే ఓదెలూ. ప్రయత్నం చేసినవ్ గదా. చాలు" అన్నాడు. ఆ గొంతులోకి జాలి వచ్చేసింది. పాత పెద్దసారు గొంతు అది. నేను గతుక్కుమన్నాను.

"చాలదు సార్. ఇంకో శనివారం ఇయ్యున్రి."

"ఇస్త. కాని మళ్ల గిట్లనే అయితే? నేను మిషన్‌కు పరీక్ష పెట్టగలను గాని, వచ్చే పోయే జనాన్ని ఆపలేను గదా."

ఆయన మాట నిజం. తలుపు వేసుకుంటే "ఓదెలన్న లోపల ఇరుక్కున్నడు" అని తలుపు విరగ్గొడతారు. "నాకు సాయం చేయవద్దు" అని చెబితే నొచ్చుకుంటారు. నొచ్చుకుని ఇంకో టీ తెస్తారు.

*బావ రేకు*

ఆ సాయంత్రం మా అక్క ఇంటికి వెళ్లాను. బావ మొండయ్య బాయిలో కరెంటు పనిచేసి రిటైరైన మనిషి. సంగతంతా విని నవ్వాడు. నవ్వి నవ్వి దగ్గాడు.

"బామ్మర్దీ, నీ తెలివి బూడిదల పడ. లైన్ మీద పనిజేసేటోడు బోర్డు తగిలియ్యకుంట కూసుంటడారా?"

"ఏం బోర్డు బావా?"

బావ వివరంగా చెప్పాడు. బాయిలో కేబులు మీదనో, మోటారు మీదనో పనిచేయాలంటే ముందు స్విచ్చి ఆపి తాళం వేస్తారు. దానికి ఒక రేకు తగిలిస్తారు. మనిషి పనిలో ఉన్నాడు, ముట్టవద్దు అని రాసి ఉంటుంది. కింద పనివాడి పేరు. ఆ పేరున్నవాడు తప్ప ఆ రేకును ఇంకెవరూ తీయకూడదు. వాడు కనపడకపోయినా సరే, పని అయిపోయినట్టు అనిపించినా సరే.

"మేనేజరొచ్చినా?"

"మేనేజరు కాదు, ఆయన తాత రానీ. ఒకపారి మా తాన ఒక ఫిట్టరు రేకు తియ్యుడు మరిచి ఇంటికి పోయిండు. బెల్టు మొత్తం బంద్. బొగ్గు కదల్తలేదు. పని అయిపోయిందని అందరికెరుకే. ఎవడన్న ముట్టిండా? జీపు తోలిన్రు ఇంటికి. అన్నం కాడి నుంచి లేపుకొచ్చిన్రు. చెయ్యి కడుక్కోకుంటనే వచ్చి తీసి పోయిండు వాడు."

నేను అక్కడే ఆగిపోయాను. అన్నం మధ్యలో లేచి వచ్చిన ఆ ఫిట్టరు మీద ఒకటే కుతూహలం. ఆయన లేకుండా బెల్టు కదల్లేదు. ఆయన లేడని తెలిసి కూడా ఆయన చెయ్యి కోసం ఆగారు. నా ఉద్యోగంలో నేను ఉండగానే నా పని జరిగిపోయేది.

బావ పాత నూనె డబ్బా మూత కత్తిరించాడు. మేకుతో తెలుగు అక్షరాలు పొడిచాడు: మనిషి పనిలో ఉన్నాడు, ముట్టవద్దు, ఓదెలు. "నీ పేరు నువ్వు గూడ రాసుకో, రేపు ఎవడన్న మారిస్తే తెలవాలె గద" అన్నాడు. నేను మేకు తీసుకుని, పేరు బ్రెయిలులో పొడుచుకున్నాను. చూపుడువేలుకు కూడా ఒక దెబ్బ తగిలింది. అది బ్రెయిలులో లేని అక్షరం.

*ఇంకో శనివారం*

మానిటర్ వైరు పీకాను. గోడ స్విచ్చికి రేకు కట్టాను. హెడ్‌ఫోన్ పెట్టుకుని మొదలుపెట్టాను. సార్ పక్కన కూర్చున్నాడు. ఈసారి ఎవరు పిలిచినా కదలనన్నాడు.

ఇంకే ఊళ్లోనైనా ఆ రేకును చూసి నవ్వేవారేమో. మా ఊళ్లో ఎవరూ నవ్వలేదు. ప్రతి ఇంట్లోనూ బాయి దిగినవాడు ఒకడు ఉంటాడు, లేదా ఉండేవాడు. ఒక అడుగు వచ్చి ఆగడం, చదవడం, వెనక్కి పోవడం, అన్నీ నా చెవికి తెలుస్తున్నాయి. ఒకాయన "ఓదెలన్న లైన్ల ఉన్నడు, మళ్ల రాండ్రి" అని మిగతావాళ్లను కూడా తీసుకుపోయాడు. టీ బల్ల మీదికి దూరంగా వచ్చింది.

సగం దాటాక మిషన్ మాట ఆపింది. డిస్కు మీద రాస్తున్నప్పుడు అట్లా ఒక్కోసారి చాలాసేపు ఆగుతుంది. చెయ్యి పెడితే లోపల సన్నగా గరగర తగులుతూ ఉంటుంది, అంతే. నాకు అది తెలుసు. సార్‌కు తెలియదు. ఆయనకు కనపడేది నల్లటి తెర, కదలని నేను. ఆయన కుర్చీ కిర్రుమంది. ఊపిరి కొంచెం ముందుకు వచ్చింది. ఆయన మంచి మనిషి. మంచి మనుషుల చేతులు ఆగవు.

"సార్!" అని గట్టిగా అరుపు. లచ్చక్కది. "బోర్డున్నది సార్. ఆయన తీసేదాక మీరు ముట్టద్దు."

ఒక అటెండరు మేనేజర్‌ను చెయ్యి తీయమన్నది. నేను హెడ్‌ఫోన్ ఒక చెవి నుంచి జరిపి, ఆయన ఏమంటాడా అని వింటున్నాను.

"నిజమే లచ్చక్కా" అన్నాడు సార్. కుర్చీ వెనక్కి జరిగింది.

గరగర ఆగింది. గొంతు మళ్లీ లేచి, పని పూర్తయింది అన్నది. సీడీ పళ్లెం తనంతట తాను బయటికి జారి, నా మోచేతికి తగిలింది. సీడీ తీశాను. మిషన్ ఆగి, లేచింది. ఈసారి కూత లేదు, సీడీ రాగం లేదు. ఒట్టి ఫ్యాను చప్పుడు. నాకు ఎప్పుడూ లేని భయం వేసింది. అప్పుడు హెడ్‌ఫోన్ పీకేశాను, ఏదైనా అందరూ విననీ అని. పేరు చెప్పమని జలుబు దొర అందరి ముందూ అడిగాడు. నా పేరు కొట్టాను. అక్షరం అక్షరం పైకి చదివాడు.

మానిటర్ వైరు తగిలించి, రేకు విప్పి, "ఇగ చూడున్రి సార్" అన్నాను. సార్ వంగి తెర చూశాడు. ఆయన అన్నది ఒకటే మాట.

"సోమవారం నుంచి డిస్పాచ్ సెక్షన్ మిషన్లు నీవి."

*జీపు*

ఆ తర్వాత ఏరియాలో ఎన్నో మిషన్ల మీద లినక్స్ ఎక్కించాను. కొన్ని నాకు లొంగలేదు, పక్కవాళ్లను అడిగాను. అడిగి తీసుకునే సాయం మంచిది. రేకు పెట్టుకున్నవాడు సాయం అడగకూడదని ఎక్కడా లేదు. ఎప్పుడు, ఎంత అన్నది రేకు మీద పేరున్నవాడు చెప్పాలి, అంతే.

ఒకరోజు హాజరు సెక్షన్ మిషన్‌కు రేకు కట్టి పనిలో పెట్టాను. డ్యూటీ అయ్యేసరికి అది ఇంకా నడుస్తూనే ఉంది. పొద్దున చూద్దాం అనుకుని ఇంటికి పోయాను. నేను "చూద్దాం" అంటే ఇంట్లో నవ్వుతారు, అది వేరే సంగతి. మరునాడు నాకు సెలవని అప్పుడు గుర్తు లేదు. మధ్యాహ్నం అక్క ఇంట్లో, బావ పక్కన, పచ్చిపులుసుతో అన్నం కలుపుకున్నాను. వాకిట్లో జీపు ఆగింది.

"ఓదెలన్నా, సార్ తోలుకరమ్మన్నడు. జల్ది" అన్నాడు డ్రైవరు.

"ఏమైంది?"

"ఏమో అన్నా. హాజరు సెక్షన్ కాడ అందరు నిలబడ్డరు."

చెయ్యి మీద అన్నం ఎండిపోతుండగా ఏం తగలబెట్టానా అని దారంతా ఆలోచించాను. అక్కడ ఏమీ తగలబడలేదు. మిషన్ పని ఎప్పుడో ముగించి, నిశ్చింతగా కూర్చుంది. లచ్చక్క స్విచ్చి ముందు స్టూలు వేసుకుని ఉంది. నరహరి సార్ నిలబడి ఉన్నాడు. పని అయిపోయిందని అందరికీ తెలుసు. ఎవరూ ముట్టలేదు.

"సెలవుల పిలిచినం, ఏమనుకోకు" అన్నాడు సార్. "బోర్డు మీద నీ పేరున్నది."

నేను చెయ్యి చాచి, నా పేరు తడిమి, రేకు విప్పాను. అంతే పని. రెండో చెయ్యి ఇంకా పచ్చిపులుసు వాసన వేస్తూనే ఉంది. మళ్లీ జీపు ఎక్కించి ఇంటి దగ్గర దింపారు. బావ నా పళ్లెం మీద మూత పెట్టి కూర్చున్నాడు.

"ఏందట?"

చెప్పాను.

బావ ఈసారి నవ్వలేదు. మూత తీసి, "తిను. ఇగ నువ్వు గూడ బాయోనివే" అన్నాడు.

*స్రవంతికి*

నా దగ్గర ఉన్నదంతా ఇదే. మాట రాకపోతే ఎటు పోయిందో వెతుకు. ఊరికే ఎంటర్ కొట్టకు. జాలిపడే బాసును కొంచెం కోపం తెచ్చుకోనివ్వు. లచ్చక్క ఇంకా సర్వీసులోనే ఉంది, ఆమెను నీ వైపు తిప్పుకో, మిగతా ఆఫీసు తిరిగినట్టే.

నా బోర్డు పంపమన్నావు. అది పంపలేను బిడ్డా. ఒకరి పేరున్న బోర్డు ఇంకొకరు తగిలించకూడదు, అది బాయి కట్టడి. నేను ఇక్కడ పచ్చిపులుసు తింటూ ఉంటే అక్కడ నా బోర్డు వేలాడితే, దాన్ని తీయడానికి ఎవరికి జీపు తోలాలి?

బావ ఇంకో డబ్బా మూత కత్తిరించి, అంచులు అరగదీసి, తీగ కట్టి ఇచ్చాడు. మనిషి పనిలో ఉన్నాడు అని ఆయనే పొడిచాడు, కింద జాగా వదిలేశాడు. బెల్లంపల్లి బస్సులో మీ ఇంటికి పంపుతున్నాను. సంచిలో ఒక మేకు కూడా ఉంది. పేరు నువ్వే పొడుచుకో. వేలు జాగ్రత్త.